ఇటు దిక్కు రా వదినా

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. కాకినాడలో మా పక్కవాటాలో ఒక పిన్నిగారుండేవారు. కరెంటు పోతే చాలు, పిల్లలందర్నీ పోగేసి మొదలుపెట్టేవారు. "మీరు చూశారా పిన్నిగారూ?" అని నేనొక్కదాన్నే అడిగేదాన్ని. ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూసింది ఆవిడ తోడికోడలి చెల్లెలు. ఆ చెల్లెల్ని మేమెవరమూ చూడలేదు.

ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఎవరైనా ఏదైనా తప్పుగా పనిచేస్తోందంటే, మళ్ళీ జరిగేలా చేసి చూపించమని అడగడం నా ఉద్యోగం. నేను రాయబోయేదాన్ని మళ్ళీ జరిగేలా చేసి చూపించలేను. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం కోపం. పోయిన నెల పక్క ఊరు డబ్లిన్‌లో ఒకరి గృహప్రవేశానికి వెళ్ళాం. మావారు ప్లేటు చేత్తో పట్టుకుని, పదిమంది మధ్య నిలబడి, "మా ఆమెను ఒక సీ లయన్ వదినా అని పిలిచిందట!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వుతానేమోనని నా మొహంలోకి చూశారు. నేను ప్లేటు అక్కడే పెట్టి, వెళ్ళి కార్లో కూర్చున్నాను.

ఇలా నవ్వించడం అది మూడోసారి. నాలుగోసారి జరగకముందే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. చదివాక కూడా నవ్వొస్తే మీ ఇష్టం.

నాకు ఫొటోగ్రఫీ పిచ్చి. శని, ఆదివారాల్లో తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో బారసాలలకీ, ఓణీల ఫంక్షన్లకీ ఫొటోలు తీస్తుంటాను. కిందటేడు మా స్నేహితుల అమ్మాయి శ్రేయకి పెళ్ళి కుదిరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. పెళ్ళికి ముందు తీసే ఫొటోలు లైట్‌హౌస్ దగ్గరే కావాలని పట్టుబట్టింది. "ఆంటీ, ఫాగ్ ఉండాలి ఆంటీ. అంతా డ్రీమీగా ఉండాలి. రీల్ కూడా" అంది. పట్టుచీరతో పిల్లని అంతదూరం తీసుకెళ్ళాలంటే ముందు నేనొకసారి వెళ్ళి చూసుకోవాలి. ఎండ ఎటునుంచి పడుతుంది, గాలి ఎంతుంటుంది, కారు దిగి ఎంత నడవాలి, ఇవన్నీ.

మావారికి ఆ వారం ఆన్-కాల్ డ్యూటీ. అందుకని నాతో మహేందర్ వచ్చాడు.

మహేందర్ నా మరిది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాళ్ళది నల్లగొండ. ఇక్కడ ఎమ్మెస్ చేసి, ఉద్యోగంలో చేరి, రెండేళ్ళుగా మా ఇంట్లోనే పైగదిలో ఉంటున్నాడు. మంచివాడు. మా అబ్బాయికి లెక్కలు చెప్పేవాడు, వారానికోసారి గ్యారేజ్ ఊడ్చేవాడు. ఒక్కటే రోగం, వేళాకోళం. మా అత్తగారి గొంతు పెట్టి మెట్ల మీంచి నన్ను పిలిచి, నేను కంగారుగా కొంగు సర్దుకుంటుంటే నవ్వేవాడు. ఒకసారి ప్యాంట్రీలో దాక్కుని నా చేతిలో పప్పు గిన్నె జారిపోయేలా చేశాడు. నవ్వేటప్పుడు చివర్లో చిన్న ఎక్కిలి వచ్చినట్టు ఊపిరి లోపలికి లాగుతాడు. ఆ నవ్వు ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

మే నెలలో ఒక శనివారం, తెల్లవారి ఆరింటికి బయల్దేరాం. ఉత్తరంగా తీరం వెంబడి నాలుగున్నర గంటల డ్రైవ్. ఆ లైట్‌హౌస్ పేరు రాయను. రాస్తే వచ్చే శనివారమే కెమెరా సర్దుకునేవాళ్ళు నాకు తెలుసు.

ముందు దగ్గర్లో ఉన్న చేపల రేవుకి వెళ్ళాం. చిన్న ఊరు. పడవలు ఆగే చోట పీతలు ఉడికించి అమ్మే దుకాణం ఒకటి, బయట చెక్క బల్లలు. నడిపే ఆవిడకి అరవై పైనే ఉంటాయి, రబ్బరు బూట్లు వేసుకుని తనే తొట్ల దగ్గర నిలబడింది. కాకినాడ దానికి పీత కనిపిస్తే ఇక వేరే ప్రపంచం ఉండదు. ఒక్కో పీత పళ్ళెమంత ఉంది. నిమ్మకాయ, కరిగించిన వెన్న ఇచ్చారు. నేను బ్యాగులోంచి కారప్పొడి సీసా తీశాను.

మహేందర్‌కి పీత వొలవడం రాదు. "ఈ ఎండ్రికాయని ఏడికెల్లి మొదలువెట్టాలె వదినా?" అని దాన్ని తిప్పితిప్పి చూశాడు. కాళ్ళు ఎక్కడ విరవాలో, పైడిప్ప ఎలా లేపాలో చూపించాను. ఒకసారి రుచి తగిలాక ఇక మాట్లాడలేదు, మూడు తిన్నాడు. దుకాణమావిడకి కారప్పొడి రుచి చూపిస్తే, కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ అడిగింది. నా జీవితంలో బాగా గడిచిన మధ్యాహ్నాల్లో అదొకటి. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నా మనసు బాగాలేదనీ, అలసిపోయి ఉన్నాననీ తర్వాత చాలామంది అన్నారు. అలాంటిదేమీ లేదు. కడుపు నిండా తిని, హాయిగా ఉన్నాను.

రేవు నుంచి లైట్‌హౌస్‌కి కార్లో ఇరవై మూడు నిమిషాలు. కారు ఆపే చోటు నుంచి అరమైలు నడక. పొట్టిగా, తెల్లగా ఉంటుంది. అసలు కొండకొమ్మే అంత ఎత్తు కాబట్టి బురుజు ఎత్తుగా కట్టక్కర్లేదు. చుట్టూ గడ్డి. అంచు వెంబడి నడుమెత్తున ఇనుపతీగ కంచె, నేల విరిగిపడుతుంది, దాటొద్దని బోర్డులు. అక్కడ ఫోన్ పనిచెయ్యదు.

మూడింటి దాకా ఎండ. తర్వాత సముద్రం మీంచి పొగమంచు లేచింది. పావుగంటలో లైట్‌హౌస్ సగం కనిపించకుండా పోయింది. మంచులో పడవల్ని హెచ్చరించే హారన్ మోగడం మొదలైంది. శ్రేయ అడిగింది సరిగ్గా ఇదే కదా అని నేను సంబరపడ్డాను. మహేందర్ మాత్రం పలచటి చొక్కాలో వణుకుతున్నాడు.

"వదినా, నువ్వు నీ పని చేస్కో. నేను పోయి అన్నకి ఎండ్రికాయలు పార్సిల్ కట్టించుకోనొస్త. ఆమె నాలుగున్నరకే బంద్ చేస్తదట" అన్నాడు. సరేనన్నాను. మూడుంబావుకి వెళ్ళాడు.

నేను స్టాండు మీద కెమెరా పెట్టి, లైట్‌హౌస్ వైపు తిప్పి, వీడియో ఆన్ చేశాను. రీల్ కోసమని కెమెరా మీద చిన్న మైకు బిగించాను. దానికి గాలి చప్పుడు రాకుండా బొచ్చు తొడుగు ఉంది. ఈ వివరాలు విసుగ్గా ఉండొచ్చు, కానీ తర్వాత కావాలి.

కాసేపటికి నా ఎదురుగా, కొంచెం ఎడమవైపు నుంచి పిలుపు వినిపించింది.

"వదినా."

అప్పుడే వచ్చేశాడా అనుకున్నాను. "ఎక్కడున్నావ్?" అన్నాను.

"ఇటు దిక్కు రా వదినా. ఈడికెల్లి మంచిగ కనవడ్తది."

మహేందర్ గొంతు. అనుమానం లేదు. గొంతే కాదు, యాస కూడా. ఆ తీరంలో, ఆ మంచులో, నన్ను వదినా అని పిలిచే మనిషి ఇంకొకడు వంద మైళ్ళ లోపల లేడు. ఈడికెల్లి అనేవాడు అసలే లేడు.

కెమెరా వదిలేసి అటు నడిచాను. పది అడుగుల తర్వాత ఏమీ కనిపించలేదు. "ఆగు, వస్తున్నా" అన్నాను. మళ్ళీ "ఇటు దిక్కు" అన్నాడు. మళ్ళీ నడిచాను. ఆ నవ్వు వినిపించింది, చివర్లో ఎక్కిలితో సహా. నాకు కొద్దిగా విసుగు పుట్టింది. మంచులో ఈ ఆటలేమిటి, దొరికితే చెవి మెలిపెడతాను అనుకుంటూ ఇంకొంచెం వేగంగా నడిచాను. గడ్డిలో ఏదో తీగ కాలికి తగిలింది. దాటాను. అది కూలిపోయి నేలమీద పడున్న కంచె అని నాకు అప్పుడు తెలీదు.

మరో మూడడుగులకి కుడికాలి కింద నేల లేదు.

ఎలా వెనక్కి పడ్డానో చెప్పలేను. వెల్లకిలా పడ్డాను. నడుం కింద మట్టి కదులుతోంది. కుడికాలు మోకాలి దాకా గాల్లో వేలాడుతోంది. కాలికున్న షూ జారి పోయింది. అది కింద పడిన చప్పుడు వినిపించలేదు. గడ్డి పట్టుకుని, మోచేతుల మీద వెనక్కి పాక్కుంటూ వచ్చాను.

పిలుపు వచ్చింది నా ముందు నుంచి. నా ముందు నేలే లేదు.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన దయ్యం కాదు. మహేందర్ పడిపోయాడు అనుకున్నాను. అంచున నిలబడి నన్ను పిలుస్తూ పిలుస్తూ పడిపోయాడు. బోర్లా పడుకుని, కిందికి చూస్తూ, "మహేందర్! మహేందర్!" అని గొంతు చిరిగిపోయేలా అరిచాను. కింద అలల మోత. ఇంకేం లేదు. 911కి కొట్టాను, వెళ్ళలేదు. మళ్ళీ అరిచాను. వాళ్ళమ్మకి ఈ కబురు ఎలా చెప్పాలి అని ఆలోచించడం కూడా మొదలుపెట్టాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. ఆఖరికి సాయం కోసం రోడ్డు వైపు వెళ్దామని లేచి, ఒక కాలికి షూ, ఒక కాలికి మేజోడుతో కుంటుకుంటూ లైట్‌హౌస్ దాటి వచ్చాను.

ఎదురుగా మంచులోంచి మహేందర్ వస్తున్నాడు. చేతిలో తెల్ల కాగితం సంచి. "వదినా, అయిపోయిందా?" అని నవ్వుతున్నాడు.

బతికున్నాడన్న సంతోషం ఒక్క క్షణం కూడా కలగలేదు. చెంప మీద కొట్టాను. నేను నా జన్మలో ఎవర్నీ కొట్టలేదు, మా అబ్బాయిని కూడా. ఆ రోజు నా అరచెయ్యి మండింది. సంచి పడిపోయి పీతలు గులకరాళ్ళ మీద దొర్లాయి.

"ఏమైంది వదినా?" అన్నాడు చెంప పట్టుకుని.

"చంపేద్దామనుకున్నావా? అంచు దాకా పిలిచి నవ్వుతావా?"

"నేనా? నేను గిప్పుడే వస్తున్న కదా. అమ్మతోడు వదినా."

"అమ్మ మీద ఒట్టేసి కూడా అబద్ధమేనా?"

అతను చెంప మీంచి చెయ్యి తీశాడు. వంగి, ఒక్కొక్క పీతనీ ఏరి సంచిలో వేశాడు. వెళ్ళి నా కెమెరా, స్టాండు మోసుకొచ్చాడు.

నాలుగున్నర గంటలు కార్లో మాటల్లేవు. ఒక్కసారి మాత్రం, సిగ్నల్ వచ్చే చోటికి రాగానే, "నేను షాప్‌కాడనే ఉన్న వదినా. నీకు వాయిస్ మెసేజ్ గూడ పెట్టిన, కావాల్నంటే ఫోన్ చూడు" అన్నాడు. నేను ఫోన్ ఆపేసి బ్యాగులో పడేశాను. ఇది నా తప్పు. తప్పని తెలిసే రాస్తున్నాను.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. విని, "వాడేదో సరదాకి చేసి ఉంటడు, నువ్వు భయపడ్డవ్, అయిపాయె" అన్నారు. ఆ రాత్రి ఆ పీతలు వండించుకుని తిన్నారు. బాగున్నాయన్నారు కూడా.

నాకు ఒక్కటే కావాలి. చేశాను వదినా, తప్పయిపోయింది అని మహేందర్ ఒక్క మాట అనాలి. అంటే అక్కడితో వదిలేసేదాన్ని. అతను అనడు. పార్సిల్ తీసుకుని ముందే వచ్చి, కారు ఎక్కడో ఆపి, దాక్కుని ఉంటాడు అనేది నా లెక్క. పది రోజులు ఒకే ఇంట్లో తిరిగాం, నేను అతనికి భోజనం పెట్టాను, మొహం చూడలేదు. పదకొండో రోజు, "ఒప్పుకోలేనివాడు నా ఇంట్లో ఉండక్కర్లేదు" అనేశాను. అందరి ముందూ, మా అబ్బాయి ముందు కూడా.

మావారు తమ్ముడితో, "ఆ మెసేజేదో చూపియ్యరాదు, అయిపోతది కదా" అన్నారట. "నమ్మనోళ్ళకు సాక్ష్యం సూపెట్టుడేంది అన్నా" అన్నాడట. ఆ నెలాఖరుకి సామాను సర్దుకుని టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా అబ్బాయి ఏడ్చాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

కెమెరా కార్డు నేను ముట్టుకోలేదు. జూన్ చివర్లో శ్రేయ ఫోన్ చేసి, "ఆంటీ, లొకేషన్ ఎలా ఉంది? ఏదైనా క్లిప్ ఉందా?" అంటే అప్పుడు తీశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద మంచు, సగం లైట్‌హౌస్, అంతే.

హారన్. గాలి. హారన్. తర్వాత, స్పష్టంగా, "వదినా."

దొరికాడు అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, గెలిచానన్న ఆనందం. క్లిప్ మూడు నిమిషాల ముక్క కత్తిరించి అతనికి పంపుదామని ఫోన్ తీశాను. అతని చాట్ ఎప్పుడో మ్యూట్ చేసి పక్కన పడేశాను. తెరిస్తే, వినని వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. ఆ శనివారానిదే. మూడూ యాభై రెండు.

నొక్కాను. వెనక గిన్నెల చప్పుడు, దుకాణమావిడ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. "వదినా, క్లీన్ చేసి ఇయ్యాల్నా అని అడుగుతుంది ఈమె. అన్నకి పూరాగ కావాల్నా, ముక్కలు చేయించాల్నా? జల్ది చెప్పు."

కెమెరాలో ఆ పిలుపు మొదలైంది మూడూ యాభై ఒకటికి. ఆఖరి నవ్వు మూడూ యాభై మూడుకి. కెమెరా గడియారం తప్పేమో అన్నది నాకు వచ్చిన మొదటి అనుమానం. అది ఫోన్‌తో కలిపి ఉంటుంది, ఆ రోజు పొద్దున కూడా కలిసింది. పక్కపక్కన పెట్టి చూశాను. సెకను తేడా లేదు.

మళ్ళీ విన్నాను. ఈసారి ఇంకొకటి గమనించాను. క్లిప్‌లో నా గొంతు ఉంది. "ఎక్కడున్నావ్" అన్నప్పుడు దగ్గరగా ఉంది. "ఆగు, వస్తున్నా" అన్నప్పుడు కొంచెం దూరం. చివరికి నా అరుపు ఎక్కడో దూరంగా, పలచగా వినిపిస్తుంది. నేను మైకుకి దూరమవుతున్నాను కదా.

ఆ గొంతు మాత్రం దూరం కాలేదు. మొదటి పిలుపు ఎంత దగ్గరగా ఉందో ఆఖరి నవ్వూ అంతే దగ్గరగా ఉంది. అంచు అవతల నుంచి నేను విన్న ఆ మాటలు, నా వెనక, కెమెరా పక్కన నిలబడి ఎవరో అన్నట్టు రికార్డయ్యాయి.

హెడ్‌ఫోన్స్ తీసేశాను. మావారికి వినిపించాను. "వీడే కదా!" అన్నారు వెంటనే. వాయిస్ మెసేజ్ వినిపించి టైములు చూపించాను. ఆయన రెండూ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "అక్కడ రాళ్ళ మీద సీ లయన్లు కుక్కల లెక్క అరుస్తుంటయి. మన మెదడే దాన్ని మాటలుగ కడ్తది" అన్నారు.

"ఏ సీ లయన్ ఈడికెల్లి అంటుంది? దానికి నల్లగొండ ఎవరు నేర్పారు?" అన్నాను. కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయారు. జవాబు లేకపోతే జోకు చేస్తారు. ఆ జోకే ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది. తమ్ముడు చేశాడని నమ్మినంతకాలం ఆయనకి అది నిజంగా జరిగిన సంగతి. తమ్ముడు చెయ్యలేదని తేలగానే నా భ్రమ అయిపోయింది.

పట్టుబట్టి ఆ ఆదివారం ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. దుకాణమావిడ నన్ను గుర్తుపట్టి కారప్పొడి అడిగింది. మహేందర్ ఆ రోజు అరగంట పైనే అక్కడ ఉన్నాడట. రద్దీగా ఉంటే, ఐసు తొట్టి ఎత్తడానికి చెయ్యి కూడా వేశాడట. ఎన్నింటికి వెళ్ళాడు అంటే, తను తలుపు వెయ్యడానికి కాస్త ముందు అంది.

లైట్‌హౌస్ దగ్గర ఎండ కాస్తోంది. కూలిన కంచె నిలబెట్టారు. ఆ చోట కింద నిలువునా రాయి, ఆ కింద నీళ్ళు. మనిషి నిలబడేంత అరుగు కాదు కదా, పిట్ట వాలేంత చోటు కూడా లేదు. మావారు తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ మాట గృహప్రవేశాల్లో చెప్పరు.

లోపల, ఆదివారాల్లో మాత్రమే తెరిచే చిన్న మ్యూజియంలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, జీతం లేకుండా పనిచేసే వలంటీరు. నేను ఎక్కువ చెప్పలేదు. మొన్న మంచులో ఎవరో నన్ను అంచు వైపు పిలిచారు అన్నాను, అంతే.

ఆయన నా వైపు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ భాషలో?"

ఎందుకలా అడిగారన్నాను. ఊరికే అడిగానన్నాడు. ఇంకెవరైనా ఇలా చెప్పారా అన్నాను. తనకి తెలీదన్నాడు. మరి భాష ఎందుకడిగారు అని మళ్ళీ అడిగితే, మూసే టైమయిందని లేచి దీపాలు ఆర్పడం మొదలుపెట్టాడు. నేల విరిగిపడుతుందని బోర్డులు పెట్టారు కదా, ఇంకో బోర్డు పెట్టడానికి మీకేం రోగం అని గట్టిగా అరిచాను. మావారు నన్ను బయటికి లాక్కొచ్చారు.

మహేందర్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వారం రోజులు రోజూ చేశాను. ఎనిమిదో రోజు ఎత్తాడు.

"తప్పయిపోయింది మహేందర్" అన్నాను.

"పిల్లగాని ముంగట అన్నవ్ వదినా," అన్నాడు. "కొట్టినవ్, పోనీ. వాని ముంగట అబద్ధాలకోర్ని చేసినవ్."

ఏం చెప్పను? ఏడ్చాను. క్లిప్ పంపాను. గంట తర్వాత తనే ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"అది నా గొంతే. నేను గట్ల అనలే, గని గొంతు నాదే. ఇది ఎవ్వరికీ వినిపియ్యకు వదినా. విన్నోళ్ళు నేనే నిన్ను సంపబోయిన అనుకుంటరు."

మాటిచ్చాను. అందుకే అది ఎవరికీ వినిపించను. రుజువు చేతిలో పెట్టుకుని, జోకులు పడుతూ తిరుగుతున్నాను. శ్రేయ ఫొటోలు డబ్లిన్‌లో ఒక పార్కులో తీశాను. మొహం ముడుచుకుంది. సరేలే అనుకున్నాను.

డిసెంబర్‌లో మహేందర్ వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళాడు. నవ్వాడు, మా అబ్బాయితో ఆడాడు, అంతా మామూలుగానే ఉందనిపించింది. రెండోరోజు నేను వంటింట్లో ఉన్నాను. పైనుంచి తల తుడుచుకోకుండా, నీళ్ళు కారుతూ, మెట్లు దిగి, పొయ్యి చుట్టూ తిరిగొచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. నేను తలెత్తి చూసేదాకా ఆగాడు. చూశాక, "తువ్వాల ఏడుంది వదినా?" అన్నాడు.

"ఇల్లంతా తడి చేశావ్, పైనుంచి అడగొచ్చుగా" అన్నాను.

"వద్దు వదినా" అన్నాడు మెల్లగా. "నువ్వు నన్ను చూసినంకనే మాట్లాడ్త."

తువ్వాలు ఇచ్చాను. అతను వెళ్ళాక మెట్లు తుడుస్తుంటే, భయం కాదు, మళ్ళీ కోపమే వచ్చింది. అదేమిటో నాకు తెలీదు. ఇంకొకరి గొంతు ఎలా తీసుకోగలిగిందో, నా ముందు ఉందో వెనక ఉందో, మా మాటలు ఎక్కడ నేర్చుకుందో, ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. ఒక మనిషికి పక్కగదిలోంచి వదినా అని పిలిచే ధైర్యం లేకుండా చేసింది. దాన్ని నిలదీద్దామంటే, ఎటు తిరిగి అరవాలో కూడా నాకు తెలీదు.